చెవి వెనక పిండి

మా ఇంటి ఇంజనీరు గారికి,

నీ మొగుడు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మన బుడంకాయా, నువ్వు పెట్టి వెళ్ళిన మూడు పూలతొట్లలో బతికిన రెండూ కులాసా. అక్కడ నువ్వూ, నీ వంతెనా, ఇంకా నీళ్ళలోంచి తల ఎత్తలేదని రాసిన ఆ నాలుగో స్తంభమూ కులాసాయే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఆదివారం దాకా జవాబు రాయలేదంటే బద్ధకం అనుకోకు. నాలుగు రోజులుగా కలం మూత తీయడం, మళ్ళీ పెట్టడం, ఇదే పని. ఇప్పుడు మధ్యాహ్నం మూడవుతోంది. పిల్ల చాప మీద అడ్డంగా పడి నిద్రపోతోంది. కుళాయి కారుతోంది. అన్నట్టు కుళాయి బాగు చేయించావా అని అడిగావు, అదే నీకు జవాబు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఆదివారం నువ్వు గుట్ట ఎక్కితే సిగ్నల్ దొరికే నాలుగు నిమిషాల్లో మూడున్నర బుడంకాయవే. మిగిలిన అరనిమిషంలో తిన్నావా, తిన్నాను తప్ప ఏం మిగులుతుంది. పైగా ఇది నోటితో చెప్పగలిగేది కాదు. ఈ ఉదయం కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మధ్యాహ్నాలు నేనెలా ఉంటానో నీకు తెలుసు. తెల్లవారకముందే లేచి రొట్టెల బట్టీకి పోయేవాడికి మధ్యాహ్నం మూడింటికి లోకమంతా సగం కలే. జరిగిందీ, కునుకులో చూసిందీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 'నీతో ఈ వేళప్పుడు మాట్లాడటం నీళ్ళ కింద ఉన్నవాడితో మాట్లాడటమే' అనేదానివి. కాబట్టి ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదువుకో. ఒక్కచోట మాత్రం తడబడను, అక్కడ నువ్వు కూర్చుని చదవాలి.

నీ ఉత్తరంలో చివరి పేజీ మాట ముందు ఎత్తుకుంటాను. 'వచ్చే నెల రక్తపరీక్షలో కూడా ఆ అంకె దిగకపోతే నేనిక్కడ ఉండలేను. నెలాఖరుకి రాజీనామా కాగితం ఇచ్చేస్తాను. పక్కింటావిడ ఏదో పెడుతోంది, నీకు కనిపెట్టడం చేతకావడం లేదు' అని రాశావు. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కాని నన్ను నా నడకన రానివ్వు. మిగతా ప్రశ్నలకు చెప్పి వస్తాను, లేకపోతే నాకు ధైర్యం చాలదు.

పన్ను ఊడిందా అని అడిగావు. ఊడింది, కింది వరసలోది. అగ్గిపెట్టెలో దూది వేసి నీకోసం దాచింది. స్కూలు ఫొటోలో నవ్వమంటే పెదవులు బిగించుకుని నిలబడిందట. తిండి బాగానే తింటోంది. నేనెలా ఉన్నానంటే, నువ్వు రాసినట్టు పొట్ట తగ్గలేదు, నీ ఆశ అడియాస అయింది.

ఇక పుట్టినరోజు సంగతి. నేను ఒక్క ముక్కలో 'పిజ్జా హోటల్‌కి వెళ్ళాం' అని రాసి తప్పించుకున్నానని దెప్పావు. పిల్ల ఫోన్లో 'అమ్మా, ఒక పేజీ అంతా నాదే' అనగానే లైను తెగిపోయిందట, ఏం పేజీ, ఎవరిచ్చారు, మొత్తం రాయమన్నావు. రాస్తాను.

నాలుగేళ్ళ కిందట డాక్టరు 'ఈ పాపకి గోధుమ పడదు, గింజంత కూడా, జీవితాంతం' అన్నప్పుడు నువ్వు నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. పందొమ్మిదేళ్ళుగా గోధుమపిండి పిసుకుతున్నవాడి కడుపున గోధుమ పడని పిల్ల. ఆ రోజు నుంచి అది ఎవరింటి వేడుకకు వెళ్ళినా చంకలో ఇంటి తిండి డబ్బాయే. అందరూ కేకు తింటుంటే మూలన కూర్చుని డబ్బా మూత తీసుకునేది. ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. అదే నాకు కష్టంగా ఉండేది.

పుట్టినరోజుకి ఏం కావాలే అంటే, రెండు రోజులు ఆలోచించి చెప్పింది: "హోటల్లో కూచుని తినాలి నాన్నా. డబ్బా లేకుండా."

ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక తల పట్టుకున్నాను. ఆ వారంలోనే మా బట్టీకి పిండి బస్తాలు తెచ్చే వ్యాను డ్రైవరు దించుతూ దించుతూ గొణిగాడు. "ఆ పిజ్జా హోటల్ వాళ్ళకి ఎంత టెక్కో. గోధుమ లేనివి చెయ్యడానికి వేరే గది కట్టారట. నా బస్తాని ఆ గుమ్మం ఛాయలకి కూడా రానివ్వరు, చుట్టూ తిరిగి రావాలి." వాడు తిట్టుకుంటుంటే నాకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

పుట్టినరోజు నాడు పని నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, రెండున్నరకి బయల్దేరాం. వాన. సన్నగా, ఎవరినీ తొందర పెట్టని వాన. ఆ వేళకి హోటల్లో జనం లేరు. వీధివైపు నిలువెత్తు అద్దాలు, లోపలి వేడికి అవి పాలరంగుకు తిరిగిపోయి, బయట నడిచేవాళ్ళు గొడుగుల మచ్చల్లా కదులుతున్నారు. ఎదురుగా గుండ్రటి పొయ్యి నోరు ఎర్రగా. ఆ వెలుతురు నేల మీద పాకి మా బల్ల కాళ్ళదాకా వచ్చి ఆగింది. నాకు నిద్ర ముంచుకొస్తోంది, కాని అది మంచి నిద్ర. కుర్చీలో కూర్చోగానే ఈ చోటికి మనం ముగ్గురం ఎప్పుడో వచ్చామని అనిపించింది. నీ వైపు కుర్చీ కూడా కాస్త వెనక్కి లాగి పెట్టాను. నవ్వకు.

నా సంచిలో డబ్బా ఉంది. పిల్లకు తెలియకుండా పెట్టుకున్నాను. నమ్మకం లేక.

వడ్డించేది బుగ్గమీసాల పెద్దమనిషి. మెనూ తెచ్చి ఒకటి నాకు, ఒకటి దాని చేతికి ఇచ్చాడు. మన పిల్ల మెనూ పట్టుకోవడం నువ్వు చూడాలి. అద్దెకు తెచ్చిన వస్తువులా రెండు అరచేతుల్లో పెట్టుకుంది. మొదటి పేజీ తిప్పింది, రెండోది తిప్పింది. అలవాటు ప్రకారం నన్నే అడిగింది.

"నాన్నా, ఇందులో నాది ఏది?"

నేను నోరు తెరిచేలోపు ఆ పెద్దమనిషి వంగి, చివరి పేజీ తిప్పి పెట్టాడు. పైన గోధుమ వెన్ను బొమ్మ, దాని మీద అడ్డంగా ఒక గీత. కింద వరసగా పేర్లు.

"ఈ పేజీ అంతా నీదేనమ్మా" అన్నాడు.

అది వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు. "పదకొండూనా?" అంది. "పదకొండూ" అన్నాడు ఆయన. పాపం, పిల్ల ఎన్నడైనా ఎంచుకుని ఎరుగునా. ఎక్కడికెళ్ళినా దానికి ఉండేది ఒకటే, అది కూడా మనం తెచ్చిందే. మొక్కజొన్న గింజలదా, టమాటాదా, పుట్టగొడుగులదా అని పేజీ మీద వేలు జరుపుతూ ఇరవై నిమిషాలు కూర్చుంది. ఆయన కదిలించలేదు. దూరంగా నిలబడి గ్లాసులు తుడుచుకుంటూ, తుడిచిన గ్లాసే మళ్ళీ తుడుస్తూ ఉన్నాడు. నేను ఒక కునుకు తీసి లేచాను. లేచేసరికి అది ఇంకా ఆలోచిస్తోంది. అంత సుఖమైన కునుకు నేను ఈ మధ్య తీయలేదు.

చివరికి మొక్కజొన్న గింజలది చెప్పింది. నీలం పళ్ళెంలో వచ్చింది. గోధుమ లేనివాటికి మాత్రమే నీలం పళ్ళేలు, మిగతావన్నీ తెల్లవి, కడిగే తొట్టి కూడా వేరేనట. పిల్ల ముక్క ఎత్తింది. చీజు దారాలు సాగి సాగి గడ్డం దాకా వచ్చాయి. "నాన్నా, తెగట్లేదు" అని అది, "తెగకపోతే లాగేసుకో" అని నేను. పన్ను ఊడిన సందులో ఒక దారం ఇరుక్కుంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

నేనూ దాని పళ్ళెంలోదే తిన్నాను. రొట్టెలవాడిగా చెప్పమంటావా. అంచు పొడిపొడిగా ఉంది, సాగడం లేదు, కొరికితే విరుగుతోంది. మా బట్టీ పెద్దాయన చూస్తే కుక్కలకు కూడా వెయ్యడు. కాని పిల్ల వైపు చూసి నాలుగు ముక్కలు తిన్నాను, వేళ్ళు నాకాను. సంచిలో డబ్బా సంచిలోనే ఉండిపోయింది.

తిన్నాక అద్దం మీది ఆవిరిలో వేలితో వంతెన గీసింది. నాలుగు స్తంభాలు. నాలుగోది సగమే గీసి "ఇది ఇంకా నీళ్ళలో ఉంది" అంది. చూస్తుండగానే అది కారి కిందికి జారిపోయింది. ఆ తరవాత అక్కడ ఒకటి జరిగింది. దాని దగ్గరికి వస్తాను.

పక్కింటి కుట్టు పిన్నిగారి గురించి అడిగావు. అడగడం ఏమిటి, నిలదీశావు. ఆవిడ ఉదయం బుడంకాయకు జడవేసి, స్కూలుకు పంపి, పన్నెండింటికి తెచ్చి, నేను వచ్చేదాకా చూసుకుంటోంది. నువ్వు వెళ్ళిన రెండో నెలలో పిల్లకు మళ్ళీ కడుపునొప్పి మొదలై, గోధుమ తగిలితే పెరిగే ఆ అంకె రక్తంలో మళ్ళీ పెరిగిందని తెలియగానే, ఆవిడకొక చీటీ రాశావు గుర్తుందా. 'మా ఇంటి డబ్బాలోది తప్ప దయచేసి ఏదీ పెట్టవద్దు' అని. మర్యాదగానే రాశావు. ఇచ్చింది నేనే. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"అరటిపండు కూడా పెట్టను బాబూ" అంది. "గోధుమ అంటే ఏమిటో, ఎందులో ఉంటుందో నాకు మీ ఆవిడే నేర్పింది. అయినా ఆవిడకి అనుమానం వచ్చాక నేనేం మాట్లాడను."

అప్పటి నుంచి ఆవిడ పిల్లను దగ్గరికి తీసుకోవడం మానేసింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుండీలు కుట్టడం నేర్పేదా, ఇప్పుడు గదికి ఈ చివర పిల్ల, ఆ చివర మిషను. పోయిన వారం పిల్ల నన్ను అడిగింది, "మామ్మ నన్ను ముట్టుకోదేం నాన్నా, నేనేం చేశాను" అని. నేను నీళ్ళు నమిలాను. ఎందుకు నమిలానో ఇప్పుడు చెబుతాను. ఇక దాటెయ్యడం నా వల్ల కాదు. కూర్చున్నావా?

పిన్నిగారు ఏమీ పెట్టలేదు. పిల్లకు గోధుమ పెట్టింది నేను.

నువ్వు పెట్టిన వెనక తలుపు నియమం ఉంది చూశావూ. కాగితం మీద ప్లాను గీసి పెరటి తలుపుకి అంటించావు. వెనక నుంచి రావాలి, బట్టలు బకెట్లో వెయ్యాలి, తలస్నానం చెయ్యాలి, చెవులు రుద్దుకోవాలి, ఆ తరవాతే పిల్ల. చెవుల కింద రెండు గీతలు కూడా గీశావు. నువ్వున్నన్నాళ్ళూ అక్షరం తప్పలేదు. నువ్వెళ్ళిన నాలుగో రోజు ఒంటిగంటకి వస్తున్నాను. పిన్నిగారి ఇంట్లో ఉండాల్సిన పిల్ల మన ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. వీధి చివర నేను కనిపించగానే లేచి నిలబడింది. వెనకవైపుకి మళ్ళాలంటే దాన్ని అక్కడే వదిలెయ్యాలి. అప్పటికే ఒకరు వదిలి వెళ్ళారని దాని మొహంలో ఉంది. తప్పు పట్టడం లేదు నిన్ను, నిజం చెబుతున్నాను. నేను మళ్ళలేకపోయాను. మెట్టు మీద కూర్చున్నాను. అది వచ్చి మెడ చుట్టుకుంది.

బట్టీలో చొక్కా మార్చుకున్నానుగా, చేతులు కడుక్కున్నానుగా అనుకున్నాను. ఆ రోజు నుంచి అదే అలవాటైంది. మెట్టు మీద నుంచి వాలుకుర్చీలోకి, అది నా ఛాతీ మీద, ఇద్దరం గంటసేపు నిద్ర. ఎండ కిటికీలోంచి వచ్చి మా కాళ్ళ మీద పడుకునేది. దాని ఊపిరి నా మెడకి తగిలేది. నువ్వు లేని ఇంట్లో ఆ ఒక్క గంటా ఇల్లులా ఉండేది. ఆ గంట కోసమే నేను మిగతా రోజంతా లాగేవాణ్ణి.

నీకు చెప్పని ఇంకొకటి ఉంది. నువ్వెళ్ళాక పిల్ల మళ్ళీ బొటనవేలు నోట్లో పెట్టుకోవడం మొదలెట్టింది. మాన్పించి మూడేళ్ళయిందిగా, నీకు తెలిస్తే బాధపడతావని దాచాను. నిద్రలోకి జారే ముందు నా జుట్టు సవరిస్తుంది, చెవి తడుముతుంది, ఆ వేలు నోట్లో పెట్టుకుంటుంది. రోజూ. ఐదు నెలలు.

కళ్ళు లేవా అంటావు. మా పనివాళ్ళకి పిండి కనబడదు. మొదటి ఏడాది కనబడుతుంది, తుమ్ములొస్తాయి. తరవాత అది మన ఒంట్లో ఒక రంగైపోతుంది. పందొమ్మిదేళ్ళ తరవాత అద్దంలో చూసుకుంటే నాకు నా మొహమే కనబడుతుంది.

హోటల్లో ఆ మధ్యాహ్నం కనబడింది. పిల్ల తన పిజ్జా ఎక్కడ పుట్టిందో చూస్తానంది. బుగ్గమీసాలాయన లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు. పొయ్యి పక్కన సందులోంచి పోతే అద్దాల గది. లోపల లావుపాటి కళ్ళజోడుతో ఒకావిడ, తెల్ల టోపీ, మోచేతుల దాకా తడి చేతులు. గోధుమ లేని పిండి ముద్దలు చేసేది ఆవిడొక్కతే. తలుపు తీసి పిల్లను రమ్మంది. వెనకాల నేనూ అడుగేశాను.

"అమ్మాయి రావచ్చు. మీరు గుమ్మం బయటే ఉండండి" అంది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏమండీ, నేనూ ఈ పనివాణ్ణే. రొట్టెల బట్టీలో పందొమ్మిదేళ్ళు."

"తెలుస్తూనే ఉంది, అందుకే వద్దంటున్నా" అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "మీ చెవి వెనక పిండి ఉంది."

నేను తడుముకునేలోపే మన బుడంకాయ, ఎంత గర్వంగానో, "అది ఎప్పుడూ ఉంటుంది అత్తా. రోజూ నేనే తుడుస్తా" అంది. అని, అలవాటుగా మునివేళ్ళ మీద లేచి, నా చెవి వెనక బొటనవేలితో తుడిచి, ఆ వేలు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆవిడ చటుక్కున దాని మణికట్టు పట్టుకుంది. వేలు పెదవికి తగలకుండా ఆగింది. దాని మీద తెల్లగా, గోరంత.

ఆవిడ పిల్లను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బు పెట్టి చేయి కడిగింది, గోళ్ళ సందుల్లో కూడా. కడుగుతూ నా వైపు ఒక్కసారి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. డాక్టరు అడిగిన ప్రశ్నలూ, నువ్వు ఉత్తరంలో రాసి మార్పించిన గిన్నెలూ, పిన్నిగారి చీటీ, రాత్రిళ్ళు పిల్ల మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకున్న తీరూ, అన్నీ ఆ గోరంత తెలుపులోకి వచ్చి కూర్చున్నాయి.

ఇంటికి నడిచే వచ్చాం. గొడుగు దానికిచ్చి నేను రెండడుగుల దూరంలో వానలో నడిచాను. జుట్టులో వేళ్ళు పెట్టి రుద్దుకుంటూ నడిచాను. అది ఆట అనుకుంది. "నాన్నా, నీకు పిచ్చి పట్టిందా" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. వాన కాబట్టి సరిపోయింది, నా కళ్ళలో ఏముందో దానికి తెలియలేదు.

మర్నాటి నుంచి వెనక తలుపే. పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే నేను వెనకే కూచుంటా" అంది. చిన్న ముక్కాలిపీట తెచ్చి స్నానాలగది బయట వేసుకుంది. నేను లోపల తల రుద్దుకుంటుంటే అది బయట నుంచి స్కూలు కబుర్లు చెబుతుంది. నీళ్ళ చప్పుడులో సగం వినబడవు. "విన్నావా" అంటుంది, "విన్నాను" అంటాను. "చెవులు రుద్దావా" అంటుంది, "రుద్దాను" అంటాను. అచ్చం నువ్వే. ఈ మూడు వారాల్లో కడుపు పట్టుకున్నది మొదటి మూడు రోజులే. తరవాత పద్దెనిమిది రోజులుగా లేదు. పరీక్ష వచ్చే నెల కాబట్టి అంకె సంగతి ఇప్పుడే చెప్పలేను, అబద్ధపు ధైర్యం ఇవ్వను.

అంతా తెలిసి కూడా మూడు ఆదివారాలు నీతో ఫోన్లో మాట్లాడి ఊరుకున్నాను. పిన్నిగారి మీద అనుమానం అలా నానుతుంటే నానని అని ఊరుకున్నాను. ఇదే నా అసలు తప్పు. పిండి తెలియక చేసింది, ఇది తెలిసి చేసింది. నువ్వు రాజీనామా అని రాసేసరికి ఇక మింగుడుపడలేదు. ఆరేళ్ళు చదివి, పదేళ్ళు ఎదురుచూసి దొరికిన వంతెనని నా చెవి వెనక పిండి కోసం వదిలేస్తావా అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

గురువారం పిన్నిగారి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ మిషను తొక్కడం ఆపలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నేనే దొంగనా బాబూ?" అంది.

"కాదు పిన్నిగారూ. నేను."

దారం పంటితో కొరికింది. తల ఎత్తలేదు. "ముందు మీ ఆవిడకి రాయి. ఆ తరవాత నాతో మాట్లాడు" అంది. న్యాయమే. కాబట్టి నువ్వు ఆవిడకి రెండు ముక్కలు రాయి. నన్ను తిట్టేది వేరే కాగితం మీద రాయి, ఎన్ని పేజీలైనా సరే, స్టాంపులు నేను పంపుతాను.

ఇంకొక కబురు. శుక్రవారంతో బట్టీ మానేశాను. గుండె పట్టుకోకు, ఖాళీగా లేను. అద్దాల గదిలో ఆవిడకి రెండో మనిషి కావాలని బుగ్గమీసాలాయన చెబితే, నా సెలవు రోజుల్లో వెళ్ళి నేర్చుకోవడం మొదలెట్టాను. మొదటిరోజు గుమ్మం దగ్గరే ఆవిడ నా చెవులు చూసి గాని లోపలికి రానివ్వలేదు. బియ్యప్పిండి, బంగాళాదుంప గంజిపొడి, ముద్ద విడిపోకుండా ఇసబ్‌గోలు పొట్టు, నీళ్ళు. చేతికి లొంగదు. లాగితే సాగదు, తెగుతుంది. పందొమ్మిదేళ్ళ చేతివాటం ఒక్క ముద్ద ముందు తేలిపోయింది. ఆవిడ పక్కన నిలబడి, "లాగకండి. ఇది గోధుమ కాదు, దీన్ని నొక్కాలి. మీ చేతులు తెలిసింది మర్చిపోతే వస్తుంది" అంటుంది. నా వయసుకి మళ్ళీ ఒకటో తరగతి.

మా బట్టీ పెద్దాయనకి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు బల్ల తుడిచాడు. "నీ చేతి రొట్టె కోసమే వచ్చేవాళ్ళున్నారురా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. త్యాగం గీగం అని పెద్ద పేరు పెట్టకు. తెల్లవారుజామున పొంగిన గోధుమముద్ద వాసన నాకు ఇప్పటికీ నిద్రలో వస్తోంది. ఆ వాసనంటే ప్రాణం. పిల్ల అంతకంటే ఎక్కువ ప్రాణం, అంతే.

కాబట్టి నీ కాగితం ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే వెనక్కి తీసుకో. ఆ నాలుగో స్తంభం నీళ్ళలోంచి తల ఎత్తేదాకా అక్కడే ఉండు. కోపం వస్తే వచ్చే ఆదివారం గుట్ట ఎక్కి నాలుగు నిమిషాలూ నన్నే తిట్టు, పిల్లకు నేను నచ్చచెబుతాను.

నిన్న సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నిన్న శనివారం అద్దాల గదిలో నా మొదటి పూర్తి రోజు. పది ముద్దల్లో ఆరు కుదిరాయి. రెండింటికి ఇంటికి వస్తున్నాను. పిల్ల ముందు మెట్ల మీద ఉంది. నన్ను చూసి లేచింది, ఒక అడుగు వేసింది, మళ్ళీ తనంతట తనే ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల అలా ఆగడం నేర్చుకుంది చూడు, అది చూడలేకపోయాను.

"వెనక నించి రా నాన్నా" అంది.

"ఇవాళ అక్కర్లేదు" అన్నాను. మెట్టు మీద కూర్చున్నాను.

అది రెండడుగుల దూరం నుంచే మెడ సాచి నా చెవి వెనక చూసింది. ఉంది, తెల్లగా. అనుమానంగా నా మొహంలోకి చూసింది.

"ఈ పిండి నాదేనా?"

"నీదే. అంతా నీదే."

వచ్చింది. మెడ చుట్టుకోలేదు ముందు, చెవి వెనక బొటనవేలితో నిదానంగా తుడిచింది. ఆ వేలు వెలుతురులో పెట్టి చూసుకుంది. నోట్లో పెట్టుకుంది. పక్కింట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. పిన్నిగారు కిటికీలోంచి చూస్తోందని తెలిసినా నేను అటు తిరగలేదు.

"ఉప్పు తక్కువైంది నాన్నా" అంది.

ఇట్లు,
రేపు ఉప్పు సరిగ్గా వేయబోయే,
నీ ఆయన